ఇంజిన్ లైటును ఆర్పించకండి, మీ సాక్ష్యం అందులోనే ఉంది

ప్రశ్న: మాది హనుమకొండ. 22 నెలల కిందట, నాన్నగారి రిటైర్మెంట్ డబ్బుతో, పాత కార్ల డీలర్ దగ్గర 6.40 లక్షలకు బీఎస్-6 డీజిల్ కారు కొన్నాను. మూడు వారాలకే ఇంజిన్ లైటు వెలిగింది. అడిగితే డీలర్ రేపు, మాపు అంటున్నాడు. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది కనుక బండిలో లోపం లేనట్టేనని వాదిస్తున్నాడు. ఆ సర్టిఫికెట్ గడువు త్వరలో ముగుస్తుంది. కారు మెమరీలో నమోదైన లోపాల కోడ్లు తుడిచేసి పొల్యూషన్ పరీక్షకు తీసుకెళ్దామని మెకానిక్ అంటున్నాడు. అలా చేశాక కేసు వేయవచ్చా?

జవాబు: మీ ఉత్తరంలో రెండు పేజీలు డీలర్ మాటలకే సరిపోయాయి. కానీ కేసును తేల్చేది, మీరు ఒక్క మాటైనా రాయకుండా చివర జతచేసిన స్కానింగ్ చీటీ. డెలివరీ నోటులో మీటరు రీడింగు 61,240. మూడు వారాల తర్వాతి చీటీలో రీడింగు 61,660, కోడ్లు తుడిచాక తిరిగిన దూరం 432 కిలోమీటర్లు, కోడు పి2002, అంటే మసి ఫిల్టర్ సరిగా పనిచేయడం లేదని. లెక్క వేస్తే, మీకు తాళం ఇవ్వడానికి 12 కిలోమీటర్ల ముందు ఎవరో కారు మెమరీని తుడిచారు. లోపం అమ్మకానికి ముందే ఉందా, అమ్మినవారికి తెలుసా అన్నదే వివాదం. బ్యాటరీ తీసినప్పుడు చెరిగిందని డీలర్ అనవచ్చు. అలాగైతే ఆ రిపేరు బిల్లు చూపమని మనం అడుగుతాం.

సర్టిఫికెట్ వాదనకు బలం లేదు. డీజిల్ బండికి యాక్సిలరేటర్ తొక్కి సైలెన్సర్ దగ్గర పొగ సాంద్రతను కొలుస్తారు. అంతమాత్రాన లోపల ఏ లోపమూ లేదని రుజువు కాదు.

మెకానిక్ సలహా మాత్రం పొరపాటున కూడా పాటించకండి. తుడిస్తే కోడుతో పాటు, లోపం తలెత్తిన క్షణంలో నమోదైన ఇంజిన్ వివరాలూ పోతాయి, దూరం లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. డీలర్ చేశాడని మీరు ఆరోపించే పనినే మీరూ చేశారని అవతలి న్యాయవాది అంటారు. ఫిల్టరే పీకేయించడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం.

ఇంత కాగితం చేతిలో పెట్టుకుని 22 నెలలు డీలర్ గుమ్మం చుట్టూ తిరగడం క్షమించరాని నిర్లక్ష్యం. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం గడువు రెండేళ్లు. డీలర్ దాన్ని డెలివరీ రోజు నుంచే లెక్కిస్తాడు. లీగల్ నోటీసు పంపినంత మాత్రాన, ఫోన్‌లో హామీలు ఇచ్చినంత మాత్రాన ఆ గడువు ఆగదు.

వెంటనే కంపెనీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో, ఏదీ తుడవకుండా, పూర్తి స్కానింగ్ రిపోర్టు తీయించండి. దానిపై తేదీ, మీటరు రీడింగు, ఛాసిస్ నంబరు, టెక్నీషియన్ సంతకం ఉండాలి. తెరను వీడియో తీస్తే, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రం జతచేయండి. తనిఖీకి రమ్మని డీలర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో తేదీ చెప్పండి, రాకపోయినా ఆ రసీదు పనికొస్తుంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు మీ ధరను బట్టి రుసుము 200 రూపాయలే. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ వేయవచ్చు. లోపాన్ని ప్రయోగశాలలో పరీక్షించాలని వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కోరండి.

రిపేరు ఆ తర్వాతే, తీసిన ఫిల్టర్‌ను మీ దగ్గరే ఉంచుకోండి. రిపేరయ్యాక జనగామ వైపు హైవే మీద కొంత దూరం నడిపి, కారు తన స్వీయ పరీక్షలు పూర్తిచేసుకున్నట్టు స్కానర్‌లో చూశాకే పొల్యూషన్ పరీక్షకు వెళ్లండి. ఈలోగా సర్టిఫికెట్ గడువు దాటితే కారును రోడ్డెక్కించకండి, మోటారు వాహనాల చట్టంలో కాలుష్యానికి సంబంధించిన 190(2) సెక్షన్ మీకూ వర్తిస్తుంది.