ఏటి ప్రశ్నలు: కాన్సాస్ చేప, ప్రాణహిత వాలుగ

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో కాన్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరికితే స్నేహితులతో చిన్న పడవలో అక్కడి నది వెంట కిందికి పోతూ, రాత్రి ఇసుక దిబ్బ మీద పడుకుని గాలం వేస్తాడట. మీసాలున్న పెద్ద చేపతో ఫోటో పంపాడు. అది మన వాలుగేనా? సంక్రాంతికి వచ్చి ప్రాణహితలో కూడా అలాగే పోతానంటున్నాడు. పంపవచ్చా?
– ఒక తల్లి, అంకీసా, సిరొంచ తాలూకా

జవాబు: పంపవచ్చమ్మా. కొన్ని కట్టుబాట్లు పెట్టి పంపండి.

ముందు చేప సంగతి. ఫోటోలో తోక చూడండి. లోతుగా చీలి ఉంటే అది చానల్ క్యాట్‌ఫిష్ కావచ్చు. తోక చీలకుండా, తల పలకలా చదునుగా, కింది దవడ ముందుకు పొడుచుకు వచ్చి ఉంటే ఫ్లాట్‌హెడ్. రెండింటికీ నాలుగు జతల మీసాలు. మన వాలుగకు రెండే జతలు. పై జత బాగా పొడుగు, కింది జత పొట్టి. వాలుగ నోరు కన్ను దాటి వెనక్కి చీలి ఉంటుంది, వీపు మీద రెక్క చిన్నది, పొట్ట కింది రెక్క తోక దాకా సాగుతుంది. పొలుసు మాత్రం వాటికీ లేదు, దీనికీ లేదు.

బుద్ధిలో వాలుగకు దగ్గరిది ఫ్లాట్‌హెడ్. బతికున్న చేపనే కోరుతుంది, రాత్రి వేటాడుతుంది. 1998లో కాన్సాస్‌లోని ఒక జలాశయంలో 123 పౌండ్ల ఫ్లాట్‌హెడ్ పడింది, అంటే దాదాపు 56 కిలోలు. చానల్ చేప వాసనకు వస్తుంది. ఒళ్లంతా రుచి తెలిసే మొగ్గలు లక్షకు పైగా ఉంటాయి దానికి. అందుకే అక్కడివాళ్లు కాలేయం, కుళ్లిన చీజ్ లాంటివి గాలానికి గుచ్చుతారు. ఆ ఎర ఇక్కడ వాలుగకు పనికిరాదు. చిన్న చేపనో కప్పనో గుచ్చాలి.

ఇక నది. రిపబ్లికన్, స్మోకీ హిల్ అనే రెండు నదులు జంక్షన్ సిటీ దగ్గర కలిసి కాన్సాస్ నది అవుతాయి. గడ్డి మైదానాల మీదుగా ఇసుక పరుచుకుంటూ పోయి మిస్సోరీ నదిలో కలుస్తుంది. మనకు వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత అవుతుంది, సిరొంచ ఎదుట గోదావరిలో కలుస్తుంది. అక్కడ ఆ నది ప్రజలందరిదీ, ఇసుక దిబ్బ మీద గుడారం వేసుకోవచ్చు. ఇక్కడ అవతలి ఒడ్డు తెలంగాణ, ఇవతల మహారాష్ట్ర. ఊరి బెస్తవారిని అడగకుండా వాళ్ల మడుగులో గాలం వేయడం మర్యాద కాదు. అడిగితే కాదనరు, పైగా ఎక్కడ నీరు తిరుగుతుందో చూపిస్తారు.

సంక్రాంతికి నీరు తేటపడి దిబ్బలు బయటపడి ఉంటాయి, తెప్ప మీద పోవడానికి మంచి కాలం. చలికి వాలుగ మేత మీదికి అంతగా రాదు కాబట్టి చేప పడలేదని అలగవద్దని చెప్పండి. తెడ్డు ఎత్తి పెట్టి ఊరకే పోనివ్వమనండి. తెప్ప ఎక్కడ వేగం అందుకుంటుందో, ఎక్కడ ఒడ్డు వైపు లాగబడుతుందో చూస్తే లోతు తెలుస్తుంది. వంపు బయటి వైపు, ఒడ్డు కోసుకుపోయి చెట్టు వేళ్లు నీళ్లలోకి వేలాడే చోట వాలుగ దాగుతుంది. గాలం దించాల్సింది అక్కడే. నాకైతే చేప కన్నా ఈ చదువే ఎక్కువ ఇష్టం.

కట్టుబాట్లు ఇవి. ఈత వచ్చినా సరే లైఫ్ జాకెట్ తీయకూడదు. తడి ఇసుక అంచున గుడారం వేయకూడదు, రాత్రి నీరు పెరగవచ్చు. కాళేశ్వరం ఎగువన గోదావరి మీద శివారంలో మొసళ్ల అభయారణ్యం ఉంది, మొసలికి సరిహద్దులు తెలియవు, చీకట్లో నీళ్లలో కాళ్లు పెట్టి కూర్చోవద్దు. సంగమం దాటాక మేడిగడ్డ బ్యారేజీ ఉంది. 2023 అక్టోబరులో స్తంభాలు కుంగింది అక్కడే. దాని దరిదాపులకు వెళ్లనే వద్దు, సిరొంచలోనే తెప్ప ఒడ్డెక్కించాలి.

ఇంకొక మాట మీ అబ్బాయికే కాదు, మన ఊళ్లందరికీ. తొలకరి వరదకు గుడ్లతో నిండిన వాలుగలు ఒడ్డు పక్క పల్లపు నీళ్లలోకి ఎక్కుతాయి. కర్రలతో కొట్టి బస్తాలకెత్తడం చూస్తూనే ఉన్నాం. ప్రపంచ స్థాయి ప్రమాద జాబితాలోకి ఎక్కిన చేప ఇది. ఆ నాలుగు వారాలు దాన్ని వదిలేయండి, బతిమాలుతున్నాను.

ప్రశ్న: ఇంగిలాయి చేప ముల్లు గుచ్చుకుంటే ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, ఆసరెల్లి

జవాబు: ఆ ముల్లులో విషం ఉంటుంది, వేడికి దాని పదును తగ్గుతుంది. గాయం కడిగి, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడి ఎంతో రెండో చేతితో చూడండి, కుట్టిన చేతికి తిమ్మిరి వల్ల తెలియక కాలవచ్చు. ముల్లు విరిగి లోపల ఉండిపోయినా, వాపు పైకి పాకినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి, ధనుర్వాతం ఇంజెక్షన్ అడగండి. పసరు పోసి కట్టు కట్టి ఇంట్లో కూర్చోవద్దు.