భావానికి ఉద్వేగం తోడెందుకు?

ప్రశ్న: చెన్నైలో మా యాజమాన్యం నడిపే బడులన్నిటిలో 'సోషల్ ఎమోషనల్ లెర్నింగ్' మొదలుపెడుతున్నారు. తెలుగు తల్లిదండ్రులకు రాసిన ఉత్తరంలో దీన్ని 'సామాజిక, భావోద్వేగ అభ్యసనం' అన్నాను. అమెరికా పత్రాల్లోని 'స్కూల్ డిస్ట్రిక్ట్'ను 'విద్యా జిల్లా' అన్నాను. 'మా బడులన్నిటా దీన్ని అమలుపరుస్తాం' అనీ రాశాను. ఇవి సరైనవేనా?
– ఒక ఉపాధ్యాయిని, పెరంబూరు

సమాధానం: అమ్మా, 'విద్యా జిల్లా' వద్దు. తమిళనాడులో అది జిల్లా విద్యాధికారి పరిధికి పేరు. అమెరికాలోది బడుల పాలన కోసమే ఏర్పడిన స్థానిక సంస్థ. చాలాచోట్ల దాని పాలకమండలిని ప్రజలే ఎన్నుకుంటారు. 'స్కూల్ డిస్ట్రిక్ట్' అనే ఉంచి, ఒక వాక్యంలో వివరించండి.

అసలు చిక్కు 'భావోద్వేగం'తోనే. ఉద్వేగానికి మూలం 'విజ్' ధాతువు. 'భయచలనయోః' అంటుంది సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం, అంటే బెదరడం, అదరడం. దానికి 'ఉత్' చేరితే ఉద్వేగం. ఉద్విగ్నుడూ అక్కడి నుంచి వచ్చినవాడే. గీత పన్నెండో అధ్యాయంలో 'హర్షామర్షభయోద్వేగైః' అని ఉంది. సంతోషం, అసహనం, భయం, వాటి పక్కన నాలుగోదిగా ఉద్వేగం. మనసులో కలిగేవాటన్నిటికీ అదే పేరైతే ఆ వరుసలో దానికి విడిగా చోటెందుకు? నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన 33 వ్యభిచారి భావాల్లో, అంటే మనసులో వచ్చిపోయే భావాల్లో, ఆవేగం ఉంది కాని ఉద్వేగం లేదు. దాన్ని ఆయన విరహావస్థల్లో చేర్చాడు. ఆ 33లోనే ధృతి ఉంది, మతి ఉంది. నిబ్బరమూ భావమే, వివేకమూ భావమే! ఇంత విశాలమైన మాటకు ఉద్వేగాన్ని తగిలించి ఇరుకు చేసుకున్నాం. కంటతడి పెట్టిన ప్రతి నాయకుడూ 'భావోద్వేగానికి లోనయ్యారు' అని పత్రికలు రాస్తున్నాయి. ఆ వార్తలు చదివే తల్లి మీ ఉత్తరం చూస్తే తన బిడ్డకు ఏమైందోనని కంగారుపడదా?

1994లో అమెరికాలో ఏర్పడిన కాసెల్ సంస్థ ఈ చదువులో ఐదు సామర్థ్యాలు చెబుతుంది: తన్ను తాను ఎరగడం, తన్ను తాను అదుపులో ఉంచుకోవడం, ఎదుటివారిని అర్థం చేసుకోవడం, సంబంధాలు నిలుపుకోవడం, బాధ్యతతో నిర్ణయించుకోవడం. ఉద్వేగాన్ని అదుపు చేసుకోవడం రెండోదానిలో ఒక భాగం, అంతే. మూడోదానికి తిక్కన 'ఒరులేయవి యొనరించిన నరవర యప్రియము తన మనంబున కగు' పద్యాన్ని మించిన పాఠం నాకు కనబడదు. పిల్లలచేత చదివించండి. 2011 నుంచి ఆ సంస్థ ఆస్టిన్, క్లీవ్‌లాండ్, ఆంకరేజ్ వంటి డిస్ట్రిక్టులతో పనిచేసినప్పుడు, పిల్లలకు వారానికో పాఠం చెప్పి ఊరుకుంటే చాలదని, ఉపాధ్యాయులూ ప్రిన్సిపాళ్లూ తామూ నేర్చుకోవాలని పట్టుబట్టింది. పెద్దలకే అర్థంకాని పేరుతో ఆ పని సాగదు.

'భావోద్వేగ' ఇప్పటికే నివేదికల్లో పాతుకుపోయింది. తప్పని కొట్టివేయలేను. పాలకులకు పంపే కాగితంలో ఉండనివ్వండి. 'సామాజిక, భావ అభ్యసనం' శాస్త్రానికి సరిపోతుంది కాని పలకడానికి పొడిగా ఉందని ఒప్పుకుంటాను. ఇంటికి వెళ్లే ఉత్తరంలో మాత్రం 'తన మనసునూ తోటివారినీ ఎరిగి మెలగడం' అనండి. మెలగడంలో నడవడికా ఉంది, నలుగురితో కలిసి బతకడమూ ఉంది. ఇంత మంచి క్రియను మన పాఠ్యపుస్తకాలు ఎందుకు వదులుకున్నాయో!

ఇక 'అమలుపరుస్తాం' అన్నారు. అరబీలో 'అమల్' అంటే పని, ఆచరణ. ఆ లెక్కన తప్పేమీ లేదు. కాని తెలుగులో అది చట్టాలకూ ఉత్తర్వులకూ అలవాటైన మాట. 'మా బడులన్నిటా నేర్పుతాం' అంటే సరిపోతుంది.