అమెరికాలో సామూహిక కాల్పులను ముందే ఎందుకు ఆపలేకపోతున్నారు?

మానసిక రోగమే కారణమా, ముందే పట్టుకోలేరా అని చాలామంది అడుగుతారు. రోగం ఒక్కటే కారణమైతే అన్ని దేశాల్లోనూ ఇదే స్థాయిలో జరగాలి కదా! అమెరికాలో జనాభా కంటే తుపాకులే ఎక్కువ. 2022లో టెక్సస్‌లోని ఉవాల్డే స్కూల్లో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లను చంపిన కుర్రాడు 18 ఏళ్లు నిండగానే రైఫిళ్లు కొన్నాడు, అదీ చట్టప్రకారమే. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఇలాంటివాళ్లలో తరచుగా కనిపించేది పేరుకుపోయిన కోపం, ఒంటరితనం, చచ్చిపోవాలన్న ఆలోచన, పాత హంతకుల మీద ఆరాధన. 1999 నాటి కొలంబైన్ హైస్కూల్ కాల్పుల దాడిని ఆ తర్వాత ఎందరో అనుకరించారు. కానీ ఈ లక్షణాలున్నవాళ్లు లక్షల్లో ఉంటారు, ట్రిగ్గర్ నొక్కేది ఏ ఒక్కరో. ఆ ఒక్కరెవరో కచ్చితంగా చెప్పగలిగే పరీక్ష ఏదీ లేదు.

అయితే ఇలా కాల్పులు జరిపేవాళ్లలో చాలామంది తమ ఆలోచన గురించి ముందే ఎవరో ఒకరి దగ్గర నోరు జారతారు. నాకు ఆశ కనిపించేది ఇక్కడే. 2018లో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ స్కూల్లో 17 మందిని బలితీసుకున్న కుర్రాడి గురించి తెలిసిన ఒకరు నెల ముందే కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి ఫోన్ చేశారు. ఆ సమాచారం స్థానిక ఆఫీసుకు చేరనే లేదు.

చట్టం మార్చడమూ కష్టమే. ఆస్ట్రేలియా 1996లో కాల్పుల్లో 35 మంది చనిపోయాక కొన్ని నెలల్లోనే తుపాకులు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టింది. అమెరికాలో మాత్రం ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు.