తొలి సీజన్ పాయింట్లు చూసి తేల్చేయొచ్చా?

ప్రశ్న: ఐస్ హాకీలో ఒకే ఏడాది డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునే పద్ధతి) ఎంపికైన ఇద్దరిలో ఎవరు బాగా ఎదుగుతారో తొలి సీజన్ పాయింట్లను (కొట్టిన గోల్స్, గోల్‌కి సాయపడ్డ పాస్‌లు కలిపి) బట్టి చెప్పొచ్చా?

జవాబు: తొందరపడకండి. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్ 2019 డ్రాఫ్ట్‌లో జాక్ హ్యూస్ మొదటివాడు, కాపో కాక్కో రెండోవాడు. కాక్కో అప్పటికే ఫిన్లాండ్‌లో పెద్దవాళ్ల లీగ్‌లో ఆడి 22 గోల్స్ కొట్టి వచ్చాడు, హ్యూస్ ఆడిందేమో తన ఈడు కుర్రాళ్ల జట్టులో. తొలి సీజన్‌లో కాక్కోకి 23 పాయింట్లు, హ్యూస్‌కి 21. బక్కపలచగా ఉన్నాడు, ఏం నెగ్గుకొస్తాడని హ్యూస్‌ని చాలామంది తీసిపారేశారు. తీరా 2022-23లో అతను 99 పాయింట్లు చేశాడు! అందుకే పాయింట్లు పోల్చేముందు ఏ లీగ్, ఎంత వయసు, మంచు మీద ఎన్ని నిమిషాలు దొరికాయి, పవర్‌ప్లేలో (పెనాల్టీ వల్ల ఎదుటి జట్టుకి ఆటగాళ్లు తగ్గినప్పుడు) దింపారా లేదా అన్నది చూడాలి.

నన్నడిగితే మ్యాచ్‌లో ఇంకోటి కూడా గమనించండి: పక్ (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ల) తన దగ్గరికి వచ్చేలోపే కుర్రాడు భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకుంటున్నాడా, లేక అందాక తడబడుతున్నాడా?

గోల్‌కీపర్ల లెక్క వేరే, వాళ్లకి ఇంకా టైమ్ పడుతుంది. 2014లో 118వ స్థానంలో ఎంపికైన ఇగోర్ షెస్టర్కిన్ ఎన్‌హెచ్ఎల్‌లో తొలి మ్యాచ్ ఆడింది 2020లో.