తీగ శ్రుతిలోనే ఉంది, మెట్టు మీదే అపస్వరం: ఎండాకాలం వీణ సంగతి

మల్కాజ్‌గిరి నుంచి అడిగినవారికి: తీగలన్నీ శ్రుతి చేసినా అంతర గాంధారం (గ), పంచమం (ప) స్వరాలు తేడాగా పలుకుతున్నాయన్నారు. కంగారు పడకండి, మీ చెవిది తప్పు కాదు. వీణ పై అంతస్తు గదిలో ఉందన్నారు కదా, నా అనుమానం మైనం మీదే. తీగని నొక్కి స్వరం పలికించే 24 ఇత్తడి మెట్లూ (ఫ్రెట్లు) నిలబడేది మైనం మీద. మేలో మన హైదరాబాద్ ఎండకి అది మెత్తబడుతుంది, గమకం కోసం గట్టిగా లాగితే మెట్టు జరుగుతుంది.

ముందు సారణి తీగ (ప్రధానమైన మొదటి తీగ) ఖాళీగా మీటి, తర్వాత 12వ మెట్టు నొక్కి మీటండి. సరిగ్గా తారాషడ్జం, అంటే పై స్థాయి స, పలకాలి. అది సరిగ్గా ఉండి గాంధారం, పంచమం పలికే 4, 7 మెట్లే తేడాగా ఉంటే మెట్లు జరిగినట్టే. 12వది కూడా తేడా ఉంటే, ముందు కొత్త తీగ వేసి చూడండి. పాత తీగ కూడా ఇలాగే ఏడిపిస్తుంది.

దయచేసి మెట్టుని వేలితో నెట్టి సరిచేయకండి. పోయినేడు చిక్కడపల్లిలో కచేరీ వింటూ వీణని గంటసేపు కారులో వదిలేశాను. ఇంటికొచ్చి చూస్తే నాలుగో మెట్టు ఒక పక్కకి ఒరిగి, మైనం మీద గీత పడింది. నేనే నెట్టాను, పక్క మెట్టు కూడా కదిలింది. చివరికి మొత్తం మేళం కట్టించాల్సి, అంటే మైనం మీద మెట్లన్నీ మళ్లీ అమర్పించాల్సి వచ్చింది. అంతకంటే బాధ, ఆ వారం రోజులూ తప్పు గాంధారానికే నా చెవి అలవాటుపడిపోవడం.

మేళం కట్టేవారు దొరికేదాకా వీణని కింది గదిలో, కిటికీకి దూరంగా పెట్టండి. సాధన ఆపకండి, తంబూరా పెట్టుకుని గొంతుతో పాడండి.