బండి ఆయిళ్లు ఇంట్లోనే మార్చుకుంటే ఏడాదికి ఎంత మిగులుతుంది?

ఒడిశాలోని సెమిలిగుడ నుంచి ఒక పాఠకుడు రాశారు. పాత బొలెరో పికప్, 2012 మోడల్. అల్లం, కూరగాయలు వేసుకుని సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్తారు, నెలకు 3,000 కిలోమీటర్లు తిరుగుతుంది. షెడ్డులో సర్వీసుకి కూలి 1,200, ఏడాదికి ఐదుసార్లు. 5,500 పెట్టి జాకీ, స్టాండ్లు, పానాల సెట్టు, ట్రే కొనుక్కుని తానే చేసుకుంటే లాభమా అని అడిగారు.

లాభమే. కాకపోతే కూలి ఒక్కటే లెక్కేస్తే ఏడాదికి 6,000, అందులో సామాన్లకి 5,500 పోతే మొదటి ఏడాది చేతిలో ఉండేది 500. అయితే మీ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది, సర్వీసు రోజు బండి షెడ్డులో ఉండిపోయి ఒక ట్రిప్పు పోతోందని, ట్రిప్పుకి 1,500 మిగులుతుందని. ఐదు ట్రిప్పులంటే 7,500. ఆదివారం పొద్దున్నే ఇంటి ముందు చేసుకుంటే అది కూడా మీదే. మొదటి ఏడాది 8,000, తర్వాత నుంచి 13,500. పన్ను సంగతి కూడా చెప్పేస్తాను. 12 టన్నుల లోపు బండికి నెలకు కనీసం 7,500 ఆదాయం అని లెక్కగట్టే పద్ధతిలో మీరు రిటర్ను వేస్తుంటే రిపేరు ఖర్చు విడిగా తగ్గించుకోవడం కుదరదు, అందుకే ఇక్కడ ఆదా చేసిన ప్రతి రూపాయీ పూర్తిగా మీకే మిగులుతుంది.

ఇక పని. ఇంజిన్ ఆయిల్, ఫిల్టరు మీరే చేసుకోండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపండి, డ్రెయిన్ నట్టుకి కొత్త వాషర్ వెయ్యండి, గ్రేడూ కొలతా బండితో వచ్చిన పుస్తకంలో చూడండి. చదునైన నేల, చక్రాలకి అడ్డు రాళ్లు, కింద స్టాండ్లు, ఇవి లేకుండా ఉత్త జాకీ మీద నమ్మకంతో బండి కిందకి దూరవద్దు, దయచేసి. గేర్ బాక్సు, క్రౌన్ (వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుండు) ఆయిల్ మార్చేటప్పుడు ముందు పోసే నట్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే కింద నట్టు విప్పండి. మా నాన్నగారి జీపుకి నేను ముందు ఆయిల్ దింపేశాను, పైనట్టు తుప్పు పట్టి కదల్లేదు, బండిని షెడ్డుకి లాక్కెళ్లాల్సి వచ్చింది. ఇంకోటి, గేర్ ఆయిళ్లలో జీఎల్-4, జీఎల్-5 అని రకాలుంటాయి, క్రౌన్‌కి వాడే జీఎల్-5 ఆయిల్, జీఎల్-4 అడిగే గేర్ బాక్సులో పోస్తే లోపలి ఇత్తడి రింగులు దెబ్బతినొచ్చు, రెండిటికీ ఒకే డబ్బా అనుకోకండి. కూలెంట్ ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి, బోరు నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్ కలపాలి. పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, విషం, కుక్కలూ దూడలూ నాకే చోట పెట్టకండి. పాత ఆయిల్ డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చెయ్యండి.

బ్రేక్ ఆయిల్ మాత్రం షెడ్డులోనే. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. లోడుతో సుంకి ఘాట్ దిగుతూ బ్రేకు మీద కాలు పెట్టుకునే ఉంటే ఆ వేడి రావడం ఎంతసేపు? ఆవిరి పడితే పెడల్ కిందకి వెళ్లిపోతుంది, లైన్లో గాలి మిగిలిపోయినా అంతే. రెండేళ్లకోసారి మంచి మెకానిక్‌తో మార్పించండి, ఆ కూలి దగ్గర బేరం వద్దు.

మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసిన విషయమే నాకు ఎక్కువ బాధ కలిగించింది. క్లచ్ ప్లేటు కాలిపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి 15,000 తెచ్చారు, అసలు ఇంకా అలాగే ఉంది. ఏడాదికి వడ్డీ 5,400 అవుతుంది. అంటే మీరు మిగుల్చుకుందామనుకుంటున్న కూలి దాదాపు మొత్తం అక్కడికే పోతోంది! సాలూరులో సరుకు దింపి డబ్బు చేతికి రాగానే, కిలోమీటరుకి 2 రూపాయల చొప్పున ఫోన్లోనే వేరే ఖాతాలో వేసెయ్యండి, ఇంటికొచ్చాక చూద్దాం అనుకుంటే మిగలదు. నెలకు 6,000 అవుతుంది. మొదటి మూడు నెలలు ఆ డబ్బుతో అప్పు తీర్చండి, ఆ తర్వాత టైర్లు, ఇన్సూరెన్సు, ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా వచ్చే ఫిట్‌నెస్ ఖర్చు, రేపు ఇంకో క్లచ్ ప్లేటు, అన్నీ అందులోంచే తియ్యండి. సామాన్లు కొనడానికి మాత్రం మళ్లీ ఆ వడ్డీ మనిషి దగ్గరికి వెళ్లకండి, ఈసారి సర్వీసు షెడ్డులోనే కానివ్వండి.