నాడీ మూలకణాలను గుర్తించడానికి నెస్టిన్ యాంటీబాడీ ఒక్కటే సరిపోతుందా?

సరిపోదు. నెస్టిన్ అనే ప్రోటీన్ ఈ కణాలకు మంచి మార్కరే, అంటే గుర్తుపట్టే ఆనవాలే. అసలు 1985లో రాట్-401 అనే యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ను వెతికి పట్టుకునే అణువు) ముందు వచ్చింది. అది పట్టుకున్న ప్రోటీన్‌కు నెస్టిన్ అని పేరు పెట్టింది 1990లో. కానీ ఈ ప్రోటీన్ రక్తనాళాల లోపలి పొర కణాల్లోనూ, గాయానికి స్పందించే ఆస్ట్రోసైట్లలోనూ (మెదడులోని సహాయక కణాలు) కనిపిస్తుంది. మరో మార్కర్ ప్రోటీన్ సాక్స్2 కూడా అంతే, పిండ మూలకణాల్లోనూ ఉంటుంది. అందుకే ఒకే కణంలో రెండూ కనిపించాయా అన్నది చూడాలి.

రంగు అంటించిన యాంటీబాడీలు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే నెస్టిన్ కణద్రవ్యంలో పోగుల్లా, సాక్స్2 కేంద్రకంలో చుక్కలా వెలగాలి. సాక్స్2 రంగు కేంద్రకం బయటంతా పరుచుకుంటే ఆ ఫలితాన్ని నేనైతే నమ్మను. రెండు ప్రోటీన్లూ కణం లోపలివే కాబట్టి, ఫార్మాల్డిహైడ్‌తో స్థిరపరిచాక ట్రైటాన్ లాంటి డిటర్జెంట్‌తో పొరకు రంధ్రాలు చేయాలి. లేకపోతే యాంటీబాడీ లోపలికే వెళ్లదు.

రెండు ప్రాథమిక యాంటీబాడీలూ (ప్రోటీన్‌ను నేరుగా పట్టుకునేవి) వేర్వేరు జంతువుల్లో తయారైనవి కావాలి, ఉదాహరణకు ఒకటి ఎలుకది, మరొకటి కుందేలుది. లేదంటే వాటిని పట్టుకోవడానికి వేసే, రంగు అంటించిన రెండో యాంటీబాడీ రెండింటినీ పట్టుకుంటుంది. కొన్ని నెస్టిన్ యాంటీబాడీలు మనిషి ప్రోటీన్‌ను మాత్రమే గుర్తిస్తాయి, కొనేముందు అది చూసుకోండి. ప్రాథమిక యాంటీబాడీ వేయని ఒక నమూనాను పోల్చుకోవడానికి కంట్రోల్‌గా తప్పకుండా పెట్టండి.